మన రూపాయి ఎవరి చేతికి పోతాంది?

(ఎర్రమంచి దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అంగట్లో ఉప్పూ పప్పూ కొనడానికి కూడా ఉపన్యాసం కావాలా అని మీరు అనుకోవచ్చు. కావాలనే మేమంటాం. ఎందుకంటే కొనడం మనకు ఎన్నడూ వట్టి బేరం కాలేదు. మన చెయ్యి తగలకుండా పైనుంచి సరుకు వేసిన అంగళ్లున్నాయి. మనకు వేరే గ్లాసు పెట్టిన టీ హోటళ్లున్నాయి. మన పైసకు అంటు లేదు, మన చేతికే అంటు!

ఎదురు తిరిగితే వెలివేత. 1991లో చుండూరు హత్యాకాండకు ముందు అక్కడి దళితులను సాంఘికంగా బహిష్కరించినారు. ఇట్లాంటి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరమని అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ చేర్చింది. ఈ మాట ప్రతి వాడలోనూ తెలియాలి.

మనమీద వాడిన ఆయుధాన్ని మనం న్యాయం కోసం వాడలేమా? అమెరికాలో మాంట్‌గోమరీ పట్టణంలో నల్లవాళ్లను బస్సుల్లో వెనక కూర్చోబెట్టేవాళ్లు. 1955 డిసెంబరు నుంచి 381 రోజులు వాళ్లు ఆ బస్సులెక్కలేదు. కాళ్లరిగేలా నడిచి పనులకు పోయినారు. చివరికి కోర్టు తీర్పు వచ్చి ఆ వివక్ష పోయింది. ఒక్కరు నడిస్తే కాలినొప్పి, ఊరంతా నడిస్తే ఉద్యమం.

ఇప్పుడు మన వంటింట్లోకి పోదాం. ఈ అనంతపురం సీమలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఈ నేలకు తగినవి కొర్ర, ఆరిక, సజ్జ, రాగి. మన అవ్వాతాతలు తిన్నవి అవే. పేదోళ్ల కూడని ఈసడించినారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఆకలి తీర్చింది, దాన్ని మేం తక్కువ చేయం. కానీ సంగటి ముద్ద మన పిల్లలకే నామోషీ అయిపోయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. ఇప్పుడు అదే కొర్ర పట్నంలో పాకెట్టులో కూర్చుంది. మన ముద్ద వాళ్లకు ఆరోగ్యమైంది, మనకు అవమానంగానే మిగిలింది!

నూనె సంగతి చూడండి. శెనక్కాయలు పండేది మన చేలల్లో. మన బాండ్లిలో కాగేది పామాయిలు. అది ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. ఆ తోటల కోసం అక్కడ అడవులు నరికినారు. చేలో కూలి చేసేది మనం, లాభం పోయేది ఇంకెక్కడికో.

"రేటు ఎక్కువ కదా సార్" అంటారు. నిజమే. మేమూ కూలి ఇండ్లనుంచి వచ్చి బడిపంతుళ్లమైనవాళ్లమే. చౌక నూనె కొన్న తల్లిది తప్పు కాదు. ఆమెకు సరైన కూలి ఇవ్వనోడిది తప్పు. అందుకే ముందు కూలి కోసం కొట్లాట, దాంతోపాటే కొనుగోలు గురించి ఆలోచన.

2019లో మన పక్కనే కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. జీతం వచ్చే ఇండ్లున్నాయి, రాని ఇండ్లున్నాయి. వచ్చిన రూపాయి వాడలో ఒక్క రోజన్నా నిలుస్తాందా? పొదుపు సంఘాలు ఆలోచించాలి. పది ఇండ్లు కలిసి రైతు దగ్గర శెనక్కాయల మూటలు కొని గానుగాడిస్తే నూనె మనకు, చెక్క మన బర్రెలకు. ఇది గాలిలో మాట కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వెంట రైతులు 2008లో ధరణి సహకార సంఘం కట్టుకున్నారు. రసాయనాలు లేని పంటను తామే శుద్ధి చేసి అమ్ముకునే దారి పట్టినారు. రైతు కలిసి అమ్మగలిగితే, కూలి కలిసి కొనలేడా? చౌకదుకాణంలో చిరుధాన్యాలు నెలనెలా ఇవ్వాలని సర్కారునూ గట్టిగా అడుగుదాం.

రూపాయి తీసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ అంగడి మనకు గౌరవమిస్తాందా? ఈ సరుకు నేలను, నీళ్లను పాడు చేస్తాందా? దీన్ని చేసిన చేతికి కూలి దక్కిందా? మూడింటికీ మంచి జవాబు ఈరోజే దొరకదు. ఒక్కదానికైనా దొరికే దగ్గర కొందాం. గౌరవం లేని చోట మాత్రం ఒక్క టీ కూడా తాగొద్దు.

జై భీమ్!