పెద్దలు నడిపిన బండి: బ్యూయిక్ సెంచురీ కథ



సంతలో ఎద్దును కొనువాడు ఏమేమి చూచునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పళ్లు పట్టి వయస్సు లెక్కించును. గిట్టలు చూచును. మెడపై కాడి రాచిన పుండ్లున్నవేమో తడవి చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. ఇవన్నియు చూచిన పిమ్మట ఒక ప్రశ్న మిగిలియుండును: ఈ పశువు ఎవరి కొట్టములోనిది? యజమాని మంచివాడని తెలిసినచో బేరము సగము కుదిరినట్లే. నేడు నేను చెప్పబోవునది పశువును గురించి కాదు. అమెరికా దేశమున పుట్టిన బ్యూయిక్ సెంచురీ యను మోటారు కారును గురించి. అయినను ఆ కారు కథకు కీలకము ఆ కడపటి ప్రశ్నయందే యున్నది.

అమెరికా కారుతో మనకేమి పని యని మీలో కొందరనుకొనవచ్చును. మన పల్లెలనుండి పిల్లలు పై చదువులకై ఆ దేశమునకు పోవుచున్నారు. కొందరి తండ్రులు పొలము తాకట్టుపెట్టి పంపుచున్నారు. ఆ దేశమున న్యూయార్కువంటి కొన్ని మహానగరములు తప్ప తక్కినచోట్ల బస్సులు, రైళ్లు అవసరమునకు చాలవు. బియ్యము తెచ్చుకొనవలెనన్నను, పనికి పోవలెనన్నను కారు కావలెను. క్రొత్తకారు కొను శక్తి విద్యార్థికి ఉండదు. కావున ఒకరు వాడిన కారును కొనుట వాడుక. అప్పు తెచ్చిన సొమ్ముతో కొను వస్తువు మంచిదగునో చెడ్డదగునో తెలిసికొను మార్గము ఇక్కడి పెద్దలకును కొంత తెలిసియుండుట మేలు. అందులకు సెంచురీ కథ చక్కని యుదాహరణము.

మొదట ఆ పేరు ఎట్లు వచ్చినదో చెప్పెదను. డేవిడ్ డన్‌బార్ బ్యూయిక్ అను నతడు 1854లో స్కాట్లండు దేశమున జన్మించి, పసితనముననే తల్లిదండ్రులతో అమెరికాకు వచ్చెను. డెట్రాయిట్ నగరమున కుళాయి పనులు, స్నానపు తొట్ల వ్యాపారము చేయుచు, పోత యినుపతొట్టికి తెల్లని పింగాణి పూత పట్టించు విధానమును కనుగొనెను. అటుపిమ్మట ఆయన మనస్సు మోటారు ఇంజనులపైకి పోయెను. 1903లో బ్యూయిక్ మోటారు కంపెనీ ఏర్పడెను. మరుసటి సంవత్సరము దానిని విలియం డ్యురాంట్ అను వర్తకుడు తన చేతిలోనికి తీసికొనెను. ఆ కంపెనీ బలముపైననే డ్యురాంట్ 1908లో జనరల్ మోటార్సు సంస్థను స్థాపించెను. కాని బ్యూయిక్ మాత్రము తన పేరనున్న కంపెనీని విడిచి వెళ్లవలసివచ్చెను. ఆయన 1929లో డెట్రాయిట్ నగరముననే పేదవాడై మరణించెను. ఆయన పేరు లక్షలకొలది కార్ల మూతులపై నేటికిని మెరయుచున్నది.

సెంచురీ యను పేరుగల కారు 1936లో వెలువడెను. ఆ కంపెనీ చేయు చిన్న శరీరముగల కారులో పెద్దకార్ల ఇంజనును అమర్చిరి. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసనుండు ఆ ఇంజను బలము 120 అశ్వశక్తి. తేలికబండికి బలమైన జోడెడ్లను కట్టినట్లయ్యెను. గంటకు 100 మైళ్లు, అనగా సుమారు 160 కిలోమీటర్లు, పోగల కారు కనుక నూరు అను అర్థము తోచునట్లు ఆ పేరు పెట్టిరి. ఆ దినములలో అది వేగమును కోరు ధనికుల బండి. 1942లో యుద్ధకారణమున అమెరికాలో పౌరులకై కార్లు చేయుట నిలిచిపోగా సెంచురీయు ఆగిపోయెను. మరల 1954లో వచ్చి 1958లో ఆగెను. మూడవసారి 1973లో మధ్యతరగతి ప్రమాణము గల కారుగా వచ్చి, 2005 వరకు నిలిచెను.

ఈ మూడవ జన్మలోనే దాని స్వభావము మారెను. 1973లోనే పెట్రోలు కరవు పుట్టి అమెరికా ప్రజలు బెదిరిపోయిరి. పెద్దవి, బరువైనవి అగు కార్లు తగ్గుముఖము పట్టెను. 1982 నుండి సెంచురీ యందు ఇంజను బలము వెనుక చక్రములకు గాక ముందు చక్రములకు చేరునట్లు మార్చిరి. అందువలన కారు అడుగున మధ్యగా పోవు పొడుగాటి ఇరుసు అక్కరలేకపోయెను. లోపల కాళ్లు చాపుకొనుటకు చోటు పెరిగెను. 1997లో వెలువడిన కడపటి రూపమే మన కథకు ముఖ్యమైనది.

ఆ కారు సెడాను జాతికి చెందినది. నాలుగు తలుపులు, కదలని పైకప్పు, వెనుక సామానులకు వేరు పెట్టె గలదానిని సెడాను అందురు. మనుష్యులకు, సామానులకు గల చోటు కలిపి 110 ఘనపుటడుగులు మొదలు 120కి లోపుగా నున్నచో, దానిని అమెరికా ప్రభుత్వ శాఖవారు మధ్యప్రమాణపు కారుగ లెక్కింతురు. సెంచురీ ఆ హద్దులో పైమెట్టున నుండెను. ముందు ఆసనము బల్లవలె వెడల్పుగనుండి ముగ్గురు కూర్చుండదగినది. గేరు మార్చు పిడి స్టీరింగు చక్రము ప్రక్కననే యుండెను. వెనుక ముగ్గురు, ముందు ముగ్గురు, ఆరుగురు పోవచ్చును. ఇంజను 3.1 లీటర్ల పరిమాణము, ఆరు సిలిండర్లు. గేర్లు తమంతట తామే మారును. గతుకులను మెత్తగా దాటుట, లోపల చప్పుడు తక్కువగ నుండుట, ఎక్కుటకు దిగుటకు సులువుగ నుండుట, ఇవి దాని గుణములు. పెద్దబాటపై గాలను పెట్రోలుకు 25 మైళ్లకు పైగా నడచెను. అమెరికా గాలను మన 3.8 లీటర్లకు దగ్గర.

ఒకనాడు వేగమునకు పేరెత్తిన బండి ఇట్లు సాధుజంతువయ్యెను. కొనినవారిలో వృద్ధులే యెక్కువ. యువకులు దానిని చూచి, ఇది తాతల కారని నవ్విరి. పత్రికలలో వ్రాయువారును మలుపులలో చురుకు లేదని, రూపమున క్రొత్తదనము లేదని యెత్తిచూపిరి. ఆ మాటలలో అబద్ధము లేదు. కాని ఆ నవ్వే రెండవ యజమానికి లాభమయ్యెను. ఎట్లనగా, అందరు కోరు జపాను కార్ల వెల పాతబడినను అంతగా దిగలేదు. ఎవరును మోజుపడని సెంచురీ వెల త్వరగా దిగెను. వెల దిగినంత మాత్రమున వస్తువు చెడలేదు. మొదటి యజమాని వయస్సు మీరినవాడు, మెల్లగా నడుపువాడు, సంతకు, చర్చికి, బంధువుల యింటికి తప్ప దూరము పోనివాడు, రాత్రివేళ షెడ్డులో నిలుపువాడు, నియమముగ చమురు మార్పించి చీటీలు దాచుకొనువాడు. అట్టివాని చేతినుండి వచ్చిన కారు పదియేండ్లదైనను తక్కువ మైళ్లు నడచినదై యుండెను.

ఇచ్చట ఒక పండితుని మాట చెప్పవలసియున్నది. జార్జి అకెర్లాఫ్ అను అర్థశాస్త్రవేత్త 1970లో పాతకార్ల సంతను గురించి ఒక వ్యాసము వ్రాసెను. అమెరికావారు చెడ్డకారును నిమ్మకాయ యందురు. కారులోని గుట్టు అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కొనువాడు భయముచేత మంచికారునకును తక్కువ వెలయే చెప్పును. ఆ వెలకు మంచికారు గలవాడు అమ్మడు. చెడ్డకారు గలవాడు సంతోషముగ అమ్మును. ఇట్లు సంతలో మంచివి తగ్గి నిమ్మకాయలే మిగులును. ఇది ఆయన చూపిన తర్కము. ఇట్టి పరిశోధనలకు 2001లో మరి యిద్దరితోపాటు ఆయనకు నోబెలు బహుమానము లభించెను. మన సంతలో యజమానిని గురించి విచారించుట ఈ చిక్కునకు మన పెద్దలు కనుగొనిన విరుగుడే. ఎదుటివాని గుట్టు తెలియనప్పుడు వాని నడవడియే సాక్ష్యము.

చట్టమును కొంత సహాయము చేయును. నడచిన మైళ్లు చూపు మీటరును వెనుకకు త్రిప్పి మోసగించుట 1972 నాటి చట్టముచేత నేరమయ్యెను. పాతకార్ల వర్తకుడు ప్రతి కారు అద్దమునకు ఒక పత్రము అంటించి, బాధ్యత వహించునదియు లేనిదియు తెలుపవలెనను నియమము 1985 నుండి అమలులో నున్నది. ఉన్నది ఉన్నట్లుగా అమ్ముచున్నామని ఆ పత్రమున నున్నచో, తరువాతి మరమ్మతుల ఖర్చు సాధారణముగ కొనినవానిదే. ఇరుగుపొరుగువాడు తన సొంతకారు అమ్మునపుడు ఆ పత్రపు నియమము వర్తింపదు. 1981 నుండి ప్రతి కారునకు 17 అక్షరములు, అంకెలు కలిసిన గుర్తు ఒకటి గలదు. దానినిబట్టి ఆ కారు పెద్ద ప్రమాదమున చిక్కినదా, వరదలో మునిగినదా యను సంగతులు చాలవరకు తెలిసికొనవచ్చును.

సెంచురీ నిర్దోషి యని నేను చెప్పను. దాని ఇంజనులో ఒక ప్రసిద్ధమైన లోపము గలదు. సిలిండర్లకు గాలిని చేర్చు భాగమును ఇంజనుతో కలుపుచోట నుండు గాస్కెట్టు కొన్నాళ్లకు పాడై, ఇంజనును చల్లార్చు ద్రవము కారిపోవును. వెలికి కారినచో కొంత నయము; లోపలికి కారి చమురులో కలిసినచో ఇంజనుకే ముప్పు. కావున చమురు కొలకర్రను తీసి చూడవలెను. చమురు మజ్జిగవలె తెల్లబారియున్నచో ఆ బేరమును అచ్చటనే విడువవలెను. గాస్కెట్టు మార్చిన చీటీ చూపినచో అది గుణముగనే యెంచవలెను. మంచు కురియు రాష్ట్రములలో బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు ఇనుమును తినును. కావున వంగి అడుగుభాగమును, తలుపుల క్రింది అంచులను చూడవలెను. రంగు మెరసినంత మాత్రమున మోసపోరాదు. ప్రొద్దుటివేళ చల్లని ఇంజనును తిప్పించి వినవలెను. అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కునకు కొంత రుసుము చెల్లించి చూపించుకొనుట మరియు మంచిది. ఆ కొద్ది డాలర్లు తరువాత వేయి డాలర్లను కాపాడవచ్చును.

ఇంకొక మేలు కూడ గలదు. జనరల్ మోటార్సువారు ఒకే చట్రముపై రీగల్, ఇంపాలా, గ్రాండ్ ప్రీ మొదలగు పలు కార్లు చేసిరి. అందుచేత సెంచురీకి కావలసిన భాగములు దొరకుట కష్టము కాలేదు. ఎరిగిన మెకానిక్కులును ప్రతి యూరను ఉండిరి. బీదవాని వాహనమునకు ఈ గుణము చాల ముఖ్యము. దొరకని సామానుగల గొప్పబండికంటె దొరకు సామానుగల సామాన్యపు బండి మేలు.

సెంచురీని 2005లో విరమించి దాని స్థానమున లాక్రాస్ అను కారును తెచ్చిరి. తరువాత అమెరికావారి మోజు ఎత్తైన బండ్లవైపు తిరిగెను. ఫోర్డు కంపెనీ తన మధ్యప్రమాణపు సెడాను ఫ్యూజన్‌ను 2020లోను, షెవర్లే కంపెనీ తన మాలిబూను 2024లోను ఆపివేసెను. బ్యూయిక్ వారును అమెరికాలో సెడాన్లు అమ్ముట మానిరి. 2022లో చైనాదేశమున సెంచురీ పేరును ఒక పెద్ద వ్యాను బండికి పెట్టిరి. నేడు అమెరికాలో కనబడు సెంచురీలలో మిక్కిలి క్రొత్తదియు 20 ఏండ్లు దాటినదే. కావున మన పిల్లలకు అది దొరకకపోవచ్చును. దొరకినను ముసలితనమును చూచి ఆలోచింపవలెను. కాని అది నేర్పిన పాఠము ఏ కారునకైనను చెల్లును.

మీ పిల్లవాడు దూరదేశమునుండి ఫోనుచేసి, కారు కొనబోవుచున్నానని చెప్పినచో, రంగు ఏమి, వేగమెంత యని అడుగకుడు. ఎవరు నడిపినారు, ఎన్ని మైళ్లు నడిచినది, మరమ్మతు చీటీలున్నవా, వేరొక మెకానిక్కు చూచెనా యని అడుగుడు. ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు రానిచో తొందరపడవలదని చెప్పుడు.

పెద్దలారా, వయస్సు మీరినవారి నెమ్మదిని లోకము తరచు మందకొడితన మనును. కాని వారు నెమ్మదిగా, శ్రద్ధగా వాడిన వస్తువు వారి తరువాత పేదవిద్యార్థి చేతికి చెడకుండ చేరినది. వస్తువును కాపాడినవాడు తనకు తెలియని యొకనికి మేలు చేసినవాడే యగును.