పిలిచిన వేళ, వచ్చిన వేళ
(విశ్రాంత ఉద్యోగుల సంఘం నంద్యాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమయపాలన గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసంతా బస్సుల టైములు రాసినవాడినని కాబోలు. సభ 10 గంటలకన్నారు, ఇప్పుడు 11 దాటింది. కాబట్టి ఉపోద్ఘాతం వదిలేస్తాను.

మనవాళ్ళకు టైమంటే లెక్కలేదని మనమే అనుకుంటూ ఉంటాము. ఆ మాట నేను ఒప్పుకోను. కె.సి. కెనాల్ కింద వరి వేసిన రైతును చూడండి. నీళ్ళ వంతు అర్ధరాత్రి రెండు గంటలకు వస్తే, పది నిమిషాల ముందే పార భుజాన వేసుకొని మడవ దగ్గర నిలబడతాడు. పల్లెలో నైట్ హాల్ట్ చేసిన బస్సు తెల్లవారుజామున బయలుదేరే వేళకు పాల క్యాన్లు, కూరగాయల గంపలు అన్నీ రోడ్డు మీదకు వచ్చి ఉంటాయి. గడియారం లేని ఇళ్ళలో ఆ బస్సు హారనే గడియారం. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళ ఈ నంద్యాలలో ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. రాహుకాలం పోయేదాకా కొబ్బరికాయ కొట్టని పెద్దమనిషి, అది పోయిన మరుక్షణం కొడతాడు. ఇందరికి టైము తెలిసినప్పుడు, మన మీటింగులకే ఎందుకు తెలియదు?

ఇక్కడ చిన్న ముచ్చట. మన చేతి గడియారం చూపేది నంద్యాల టైము కాదు. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. 1906 జనవరి 1న దేశమంతటికీ అదే టైము పెట్టారు. అంతకు ముందు రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి, అది దీనికి తొమ్మిది నిమిషాలు వెనక. లెక్క వేస్తే మన ఊరి సూర్యుడు గడియారం కన్నా సుమారు 16 నిమిషాలు వెనకే ఉంటాడు. పావుగంట ఆలస్యంగా వచ్చేవారికి సూర్యుడి సాక్ష్యం ఉందన్నమాట. గంట ఆలస్యానికి మాత్రం ఆయన పూచీ పడడు.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మన అహోబిలం పారువేట. కనుమ నాడు జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో బయలుదేరి, నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊర్లు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి తానే స్వయంగా పిలవడానికి వస్తాడని నమ్మకం. ఏ ఊరికి ఏ రోజు వస్తాడో అందరికీ ముందే తెలుసు. అత్తవారింటి ఆడపిల్లలు ఆ రోజుకు పుట్టింటికి చేరుకుంటారు. ఫలానా గంటా, ఫలానా నిమిషమా అని ఎవరూ అడగరు. కానీ ఆ రోజు మాత్రం తప్పదు. పిలిచేవాడే గడప గడపకూ నడిచి వచ్చే మర్యాద అది. మన శుభలేఖ మర్యాద దాని తర్వాతే.

పై దేశాల సంగతీ వినండి. జపానులో 2017 నవంబరులో ఒక రైలు 20 సెకన్లు ముందు కదిలిందని ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆలస్యానికి కాదు, ముందు పోయినందుకు! టైము రాసిన మనిషిగా నేను దీన్ని మెచ్చుకుంటాను. ఆలస్యమైన బస్సు కోసం నిలబడొచ్చు, ముందే పోయిన బస్సును ఏం చేస్తాము? జర్మనీ విశ్వవిద్యాలయాల్లో 10 గంటల పాఠమంటే 10.15కు మొదలయ్యే పాత ఆచారం ఉంది, కానీ ఆ పావుగంట గురించి అందరికీ తెలుసు. పెరూ దేశంలో 2007 మార్చి 1 మధ్యాహ్నం సైరన్లు మోగించి, దేశమంతా గడియారాలు సరిచేసుకోమన్నారు. రాబర్ట్ లెవీన్ అనే అమెరికా ప్రొఫెసరు 31 దేశాల్లో మనుషుల నడక వేగం, పోస్టాఫీసులో స్టాంపు అమ్మడానికి పట్టే సమయం, బ్యాంకు గడియారాల ఖచ్చితత్వం కొలిచి 1997లో పుస్తకం వేశాడు. స్విట్జర్లాండు మొదట, మెక్సికో చివర. ఆ జాబితాలో మన దేశం లేదు, బతికిపోయాము.

అయితే ఆ కొలతల్లో నాకు కావలసినది దొరకలేదు. ఎవరు ఎవరి కోసం కూర్చుంటారు అన్నది నా ప్రశ్న. కూలికి పోయే మనిషి ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయనకు ఇంకో దండ పడుతుంది. డాక్టరు 11కు వచ్చే ఆసుపత్రిలో, టోకెన్ కోసం రోగి 6కే వరుసలో ఉండాలి. మనది టైము తెలియని జాతి కాదు. కింద ఉన్నవాడి టైముకు వెల కట్టని అలవాటు మనది.

మన సంఘమూ దీనికి మినహాయింపు కాదు. ఆళ్ళగడ్డ ఇక్కడికి 40 కిలోమీటర్ల పైమాటే. అక్కడితో అయిపోదు, దిగి మళ్ళీ పల్లె బస్సు పట్టుకోవాలి. ఆ బస్సు రోజుకు రెండు మూడు ట్రిప్పులే. ఆ సభ్యులు 10కి ముందే వచ్చి కూర్చుంటారు. నంద్యాలలో పక్క వీధి నుంచి వచ్చే మనం 11కు వస్తాము. పోయిన సమావేశానికి ఒక అమ్మ వచ్చింది. కుటుంబ పింఛను కాగితాల్లో పేరు తప్పు పడింది, ఎవరికి అర్జీ పెట్టాలో అడగాలి. స్వాగతం, సన్మానం, అతిథి ప్రసంగం అయ్యేసరికి ఒంటిగంటన్నర. సభ్యుల సమస్యలు ఎజెండాలో చివరి అంశం కదా. బస్సు పోతుందని ఆమె లేచి వెళ్ళింది. కవరు ఎలా తెచ్చిందో అలాగే తిరిగిపోయింది. ఆ రోజు సన్మానం బాగా జరిగిందని మనం మినిట్స్‌లో రాసుకున్నాము.

ఈ రోజు ఆమె మళ్ళీ వచ్చింది, మూడో వరుసలో ఉంది. అధ్యక్షుల వారు అనుమతిస్తే నా ప్రసంగం ఇక్కడ ఆపి, ఆ కాగితాలు ముందు చూద్దాము. ఇకపై సరిగ్గా 10కి మొదలుపెట్టి, దూరం నుంచి వచ్చిన వారి సమస్యలే మొదటి అంశంగా తీసుకోవాలని, శాలువాలు 12 తర్వాతేనని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులెత్తండి.