మనం మాట్లాడుకోని మంట
(మహాసభల మహిళా ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా ప్రసంగం పేరు "నడివయసు స్త్రీల ఆరోగ్యం" అని వేశారు. కాల్షియం, విటమిన్ డి, మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతుందనుకుని వచ్చినవారు కొందరు ఉండే ఉంటారు. వాటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. మన ఆడవాళ్ళు డాక్టరు గదిలో అన్నీ మాట్లాడి, తలుపు మీద చెయ్యి వేసి, వెళ్ళబోతూ వెళ్ళబోతూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ ఇరవై నిమిషాలూ దాని గురించే మాట్లాడతాను. భార్యాభర్తల కలయికలో నొప్పి, మంట, పొడిదనం. వాటికి వాడే ల్యూబ్రికెంట్లు. ఏవి కొనాలి, ఎలా వాడాలి, ఏవి దగ్గరికి రానివ్వకూడదు. వెనక వరసల్లో కూర్చున్న మగవారు దయచేసి లేచి వెళ్ళకండి. ఇది మీ ఇంటి సంగతి కూడా.

మోకాలు నొప్పి అంటే మోకాలు చూపిస్తాం. ఈ నొప్పి దగ్గరికి వచ్చేసరికి "కింద" అంటాం, "అక్కడ" అంటాం, "అదే డాక్టరుగారూ" అంటాం. సర్వనామాలతో వైద్యం సాగదండీ. యోని అనేది శరీరంలో ఒక భాగం. ముక్కు లాగే, కన్ను లాగే. కన్ను పొడిబారితే చుక్కల మందు వేసుకుంటాం, పెదవి పగిలితే వెన్న రాసుకుంటాం. ఇక్కడ పొడిబారితే మాత్రం "వయసైపోయింది, ఇంకేముంది" అని ఊరుకుంటాం.

ఊరుకుంటే ఏమవుతుందో చెబుతాను. ఆనవాలు దొరకకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. యాభై దాటిన ఒకావిడ ఏడాదికోసారి చేసే పరీక్షకు వచ్చారు. రాత్రి పని అయిపోయినా వంటింట్లోనే ఏదో ఒకటి సర్దుతూ, ఆయన నిద్రపోయాక వెళ్ళి పడుకుంటారట. తరువాత, కాలేజీకి వెళ్ళిన కూతురి గదిలోకి మారిపోయారట. ఆయన గురక పెడతారని సాకు. ఆయన "నా మీద ఇష్టం పోయింది" అనుకున్నారు. ఈవిడ "నొప్పి అంటే విసుక్కుంటారేమో" అనుకున్నారు. అలా రెండున్నరేళ్ళు. పాతికేళ్ళు కాపురం చేసిన ఇద్దరు మనుషుల మధ్య గోడ కట్టింది ద్వేషం కాదు, పొడిదనం. వైద్యం ఉన్న పొడిదనం.

ముందు కారణం చూద్దాం. యోని గోడల్ని మందంగా, మెత్తగా, తడిగా ఉంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ముట్లు ఆగిపోయాక అది బాగా తగ్గిపోతుంది. గోడలు పలచబడతాయి, సాగే గుణం తగ్గుతుంది. మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, లోపల మామూలుగా 3.8 నుంచి 4.5 మధ్య ఉండే పి.హెచ్. 5 దాటుతుంది. అందువల్ల మంట, దురద, పదే పదే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు. మూత్రనాళాన్ని కూడా కలుపుకుని ఆలోచించాలనే, 2014లో ఇక్కడి వైద్య సంఘాలు దీనికి "జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్" అని కొత్త పేరు పెట్టాయి. ఒంట్లోంచి వచ్చే వేడి ఆవిర్లు కొన్నేళ్ళకు తగ్గుముఖం పడతాయి. ఇది మాత్రం వదిలేస్తే దానంతటది తగ్గదు, సాధారణంగా పెరుగుతుంది.

అమెరికాలో ముట్లు ఆగే సగటు వయసు 51. భారతీయ స్త్రీలలో అది నాలుగైదేళ్ళు ముందే వస్తుంది. కాబట్టి ఆఫీసులో పక్క సీటావిడకు ఇంకా రాని ఇబ్బంది మనకు ముందే రావచ్చు. ఇంకో మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు. మన అక్కలు, వదినలు ఎందరో ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే ఈ బాధలోకి వచ్చారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

వయసు ఒక్కటే కారణం కాదు. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది. ఎలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలు ముక్కుతో పాటు అన్నిటినీ ఆరబెడతాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, రొమ్ము క్యాన్సర్ తరువాత ఇచ్చే ఎరోమటేజ్ ఇన్‌హిబిటర్లు కూడా అంతే. కొత్తగా పెళ్ళయి, భయంతో, తొందరతో ఒళ్ళు బిగదీసుకున్న పాతికేళ్ళ అమ్మాయికి కూడా తడి రాకపోవచ్చు. తడి లేకపోతే ప్రేమ లేదని అర్థం కాదు. ఈ ఒక్క వాక్యం మగవారు గుర్తు పెట్టుకుంటే ఈ సభకు వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

ఇప్పుడు దుకాణానికి వెళదాం. ఫార్మసీలో మందుల చీటీ లేకుండా రెండు రకాల వస్తువులు దొరుకుతాయి. మాయిశ్చరైజర్, ల్యూబ్రికెంట్. ఈ రెండూ ఒకటి కాదు. మాయిశ్చరైజర్ ముఖానికి రాసుకునే క్రీము లాంటిది. కలయికతో సంబంధం లేకుండా, ప్యాకెట్టు మీద చెప్పినట్టు రెండు మూడు రోజులకోసారి లోపల వాడాలి. గోడల్లో తేమ నిలుపుతుంది. ల్యూబ్రికెంట్ ఆ సమయానికి మాత్రమే, రాపిడి తగ్గిస్తుంది. పొడిదనం రోజంతా బాధిస్తుంటే రెండూ కావాలి. కలయికలోనే బాధ అయితే ల్యూబ్రికెంట్ చాలు.

ల్యూబ్రికెంట్లు ప్రధానంగా మూడు రకాలు.

నీళ్ళతో చేసినవి మొదటి రకం. కండోమ్‌లతో ఇబ్బంది లేదు, బట్టల మీద మరక సులువుగా పోతుంది. త్వరగా ఆరిపోతాయి, అప్పుడు మరికాస్త వేసుకోవాలి, లేదా రెండు చుక్కల నీళ్ళతో మళ్ళీ తడపాలి.

సిలికోన్‌వి రెండో రకం. ఆరిపోవు, చాలాసేపు ఉంటాయి, మంట తక్కువ. పొడిదనం ఎక్కువగా ఉన్నవారికి నేను ఎక్కువగా చెప్పేవి ఇవే. లేటెక్స్ కండోమ్‌తోనూ వాడవచ్చు. సిలికోన్‌తో చేసిన డైలేటర్లు వాడేవారు మాత్రం వీటిని వాటికి రాయకూడదు, పాడవుతాయి. నేల మీద పడితే వెంటనే సబ్బుతో తుడవండి, కాలు జారుతుంది.

నూనెలు మూడో రకం. ఇక్కడ మనవాళ్ళందరూ అడిగేది కొబ్బరి నూనె. లేటెక్స్ కండోమ్ వాడేవారు ఏ నూనే వాడకూడదు. మినరల్ ఆయిల్ తగిలిన నిమిషంలోనే లేటెక్స్ బలం చాలావరకు పోతుందని 1989లోనే పరీక్ష చేసి చూపించారు. ముట్లు ఆగి, కండోమ్ అవసరం లేని దంపతులకు శుభ్రమైన కొబ్బరి నూనె కొందరికి పడుతుంది. కానీ వంటింటి సీసాలోంచి, తాలింపు చేత్తో తీయకండి. తరచూ ఇన్‌ఫెక్షన్లు వచ్చేవారు, షుగరు ఉన్నవారు దాని జోలికి పోకపోవడం మంచిది. వాజెలిన్ లోపల వాడకండి. లోపల వాడిన స్త్రీలలో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ రెట్టింపు కంటే ఎక్కువగా కనిపించిందని 2013లో ఒక పరిశోధన వచ్చింది. ఉమ్ము, చేతులకు రాసే లోషన్, బేబీ ఆయిల్, పరిమళాల క్రీములు, ఇవేవీ ఇందుకు పనికిరావు.

నీళ్ళ రకం కొనేటప్పుడు ఒక చిన్న సైన్సు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే మర్నాటికి ముక్క నీరు వదిలి ముడుచుకుంటుంది కదా? ల్యూబ్రికెంట్ మరీ చిక్కని ద్రావణమైతే యోని కణాల్లోని నీటిని కూడా అలాగే లాగేస్తుంది. ఈ గుణాన్ని ఆస్మొలాలిటీ అంటారు. మన రక్తానిది సుమారు 290. ల్యూబ్రికెంట్‌కు 380 లోపు ఉంటే మేలని, 1200 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. పి.హెచ్. 4.5 దగ్గర ఉండాలి. డబ్బా మీద ఈ అంకెలు చాలాసార్లు ఉండవు. కంపెనీ వెబ్‌సైటులో వెతకండి. దొరకకపోతే పదార్థాల జాబితా చదవండి. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మొదటి వరసలోనే ఉంటే వదిలేయండి. వేడి పుట్టించేవి, చల్లబరిచేవి, స్ట్రాబెర్రీ వాసన వచ్చేవి మన వయసు చర్మానికి మంట పెడతాయి. వీర్యకణాల్ని చంపే నోనాక్సినాల్-9 ఉన్నది వద్దే వద్దు. కొత్త సీసా తెచ్చినప్పుడు ముందు ముంజేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంటలకు ఒక హెచ్చరిక. మామూలు ల్యూబ్రికెంట్లు చాలావరకు వీర్యకణాల కదలికను తగ్గిస్తాయి. గర్భధారణకు అనుకూలమని ప్రత్యేకంగా రాసి ఉన్నవే వాడండి.

ఎలా వాడాలంటే, పిసినారితనం వద్దు. అర చెంచాడు వేసుకుని, చాలకపోతే ఇంకొంచెం. ఇద్దరికీ రాసుకోవాలి. మొదట్లోనే రాసుకోవాలి, మంట పుట్టాక కాదు. తొందర వద్దు, మనసు సిద్ధమయ్యాక ఒళ్ళు సిద్ధమవడానికి వయసుతో పాటు ఎక్కువ సమయం పడుతుంది. నొప్పి అంటే ఆగాలి. భరించడం పతివ్రతా లక్షణం కాదు. భరించిన నొప్పిని ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది, మరుసటిసారి కండరాలు ముందే బిగుసుకుంటాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఇక డెట్టాలు, సబ్బు, డూష్‌లతో లోపల కడగడం మానండి. బయట మామూలు నీళ్ళు చాలు.

రెండు మూడు నెలలు సరిగ్గా వాడినా గుణం కనిపించకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. లోపల వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము, మాత్ర, రింగు ఉన్నాయి. గోడల్ని మళ్ళీ మందంగా చేస్తాయి, మూత్ర ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గుతాయి, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. 2002లో హార్మోన్ మాత్రల మీద వచ్చిన పరిశోధనతో పుట్టిన భయం ఈ చిన్న క్రీము ట్యూబుకూ అంటుకుంది. పెట్టె మీద ఉండే ఆ పెద్ద హెచ్చరికను తొలగించే పని 2025 నవంబరులో ఎఫ్.డి.ఏ. మొదలుపెట్టింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం ముందు హార్మోను లేని పద్ధతులు ప్రయత్నించి, తరువాత క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. కండరాలు బిగుసుకుపోయేవారికి ఫిజికల్ థెరపీ ఉంది.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా "రాపిడి వల్లలే" అనుకోకండి. వెంటనే చూపించుకోండి. మానని పుండు, తెల్లబడిన మచ్చ, దుర్వాసన, తగ్గని దురద ఉంటే ల్యూబ్రికెంట్‌తో సరిపెట్టకండి. దురద పదే పదే వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోండి.

చివరగా మాట ఎలా మొదలుపెట్టాలన్న ప్రశ్న. పడగ్గదిలో, ఆ సమయంలో మొదలుపెట్టకండి. సాయంకాలం నడకకు వెళ్ళినప్పుడు చెప్పండి. "మీ మీద ఇష్టం లేక కాదు, నాకు నొప్పి వస్తోంది, మందు ఉందట" అంటే చాలు. అయ్యా, మీరైతే "నువ్వు మారిపోయావు" అనకుండా "నీకు నొప్పిగా ఉంటోందా?" అని అడగండి. ఫార్మసీకి వెళ్ళి ఆ సీసా మీరే కొనుక్కురండి. ఇండియాలో ఉన్న అక్కకో వదినకో ఫోను చేసినప్పుడు, బంగారం ధరతో పాటు ఈ కబురు కూడా చెప్పండి. అక్కడ కూడా మందుల షాపుల్లో ఇవి దొరుకుతాయి. అడగడానికే నోరు రాదు.

ప్రశ్నలున్నవారు చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు అక్కర్లేదు.