చెకుముకి తుపాకీకి గురి కుదిరిన కథ

(ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఇక్కడ ఒక మిత్రుడు పోతనగారి గురించి చక్కగా మాట్లాడారు. ఈ నెల నన్ను తుపాకీ గురించి మాట్లాడమన్నారు. బాలాజీ గుడి ఉన్న ఊళ్ళో ఇదేం విషయమని ఒకరిద్దరు పెద్దలు నొసలు చిట్లించారట. ముందే మనవి చేసుకుంటున్నాను: నేను పదేళ్ళుగా శాకాహారిని. నా తుపాకీ ఇంతవరకు కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో కాగితాన్ని కూడా కొట్టలేదు. ఆ కాగితాన్ని ఎలా కొట్టగలిగానో చెప్పడమే ఈనాటి నా పని.

ఉద్యోగ విరమణ చేసిన ఏడాది జూన్‌లో మనవణ్ణి తీసుకుని మన రాష్ట్రం దక్షిణాన మిసిసిపీ ఒడ్డునున్న ఫోర్ట్ డి షార్ట్ర్‌కు వెళ్ళాను. 1750లలో ఫ్రెంచివాళ్ళు కట్టిన రాతి కోట అది. ఏటా అక్కడ జరిగే ఉత్సవంలో పాతకాలపు దుస్తులు వేసుకుని, పాతకాలపు తుపాకులు పేలుస్తారు. చూస్తూంటే నాకొక సంగతి తట్టింది. ఈ కోట కడుతున్న రోజుల్లోనే ఫ్రెంచివాళ్ళ సైన్యం బుస్సీ నాయకత్వంలో మన కోస్తాలో ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడింది ఆ సైన్యమే. తాండ్ర పాపారాయుడి కథ వింటూ పెరిగిన మనకు ఆ తుపాకీ కొత్తదేమీ కాదు.

చెకుముకి తుపాకీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టిస్తారు. పక్కనున్న చిన్న గిన్నెలో రంజకం, అంటే ముట్టించే మందు, వేస్తారు. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కు రేకును గీరుతుంది, నిప్పురవ్వలు గిన్నెలో పడతాయి, ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలికి పోయి మందును అంటిస్తుంది. మందులో ఉండేది మూడే వస్తువులు: సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం.

రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాట్లుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పుతాయి కనుక అది తిన్నగా పోతుంది. నేను కొన్నది గాట్లు లేని నునుపు గొట్టం. ఇందులో గుండు ఎటు తిరుగుతుందో దాని ఇష్టం. ఈ సంగతిని శాస్త్రబద్ధంగా తేల్చినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. 1742లో ఫిరంగి శాస్త్రం మీద పుస్తకం రాశాడు. గొట్టం గోడకు రాసుకుని గుండు తిరుగుతుందనీ, ఆ తిరుగుడే దాన్ని గాలిలో పక్కకు లాగుతుందనీ చెప్పాడు. రుజువుకోసం తుపాకీ గొట్టం కొసను ఎడమకు వంచి పేల్చి, గుండు కుడికి మళ్ళిందని చూపించాడు. ఈయన తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన వైపే వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. వయసు నలభై నాలుగు.

అప్పటి సైన్యాలు గురిని పెద్దగా పట్టించుకోలేదు. ఇంగ్లీషు సైనికుడి తుపాకీ గొట్టం వెడల్పు దాదాపు 0.75 అంగుళం, గుండు 0.69. లోపల మసి పేరుకున్నా గుండు గబగబా దిగాలని అంత వదులు. గురి లేని లోటును జనంతో పూడ్చారు. వరసలో నిలబెట్టి అందరిచేతా ఒకేసారి పేల్పించారు. మద్రాసు నుంచి బెంగాలుకు క్లైవు తీసుకుపోయిన సిపాయిల్ని ఉత్తరాదివాళ్ళు ‘తిలంగా’లన్నారు. చివరికి సిపాయి అనే అర్థంలోనే ఆ మాట స్థిరపడింది. ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళలో మనవాళ్ళున్నారన్నమాట.

ఇక నా సంగతి. నా తుపాకీ ఇరవై బోరుది, గొట్టం వెడల్పు 0.62 అంగుళం. దీనికి ముందు చుక్క తప్ప వెనక గురిచూసే గాడి ఉండదు. మన కన్నే ఆ గాడి. చెంప రోజూ ఒకేచోట ఆనాలి. మొదటి రోజు పాతిక గజాల దూరంలో రెండడుగుల కాగితం పెట్టి అయిదు గుండ్లు పేల్చాను. రెండు తగిలాయి. మందు చాలలేదనుకుని మరికాస్త పోశాను. ఒక్కటే తగిలింది!

ఆ క్లబ్బులో నేర్పే అమెరికన్ పెద్దాయన అంతా చూసి, “నువ్వు ఇంజనీరువి కదా, ఒక్కసారికి ఎన్ని మారుస్తున్నావు?” అని అడిగారు. సిగ్గేసింది. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో కుర్రవాళ్ళకు నేను చెప్పిన పాఠమే అది. ఆ సాయంత్రం ఒక నోటుపుస్తకం కొన్నాను.

ముందు నిప్పు సంగతి. రాయి అంచు పదునుగా ఉండాలి. రంజకం గిన్నె నిండా పోస్తే లోపలికి పోయే రంధ్రం మూసుకుపోయి, మంట ఒత్తిలా కాలుతూ ఆలస్యంగా వెళుతుంది. ఈలోగా చెయ్యి కదులుతుంది. రంధ్రం మూసుకోకుండా కొద్దిగా వేస్తే వెంటనే పేలుతుంది. గురి తప్పడంలో సగం పాపం నా రంజకానిదే.

తర్వాత గుండు బిగువు. 0.590 అంగుళం గుండు వదులైంది. 0.600 గుండును నూనె రాసిన 0.015 మందం నూలు గుడ్డలో చుడితే బొటనవేలి బలంతో మొదలై, కడ్డీతో సాఫీగా దిగింది. గుడ్డ నేత నొక్కుకుని ఖాళీని నింపింది. ఈ సీసపు గుండు సుమారు 21 గ్రాములు తూగుతుంది.

ఆ తర్వాతే మందు. తుపాకీ చేసినవారు చెప్పిన హద్దు దాటకుండా, 50 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి అయిదేసి గ్రెయిన్లు పెంచుతూ, ప్రతి కొలతకూ అయిదు గుండ్లు. మిగతాదేదీ మార్చలేదు. 50కి గుండ్లు భోజనం పళ్ళెమంత మేర చెదిరాయి. 60కి దగ్గరపడ్డాయి. 65కి కాఫీ సాసరులో ఇమిడాయి. 75కి మళ్ళీ చెదిరాయి. 65 గ్రెయిన్లంటే నాలుగు గ్రాముల పైచిలుకు, అంతే. ఎక్కువ పోస్తే మంచిదన్న నా నమ్మకం అక్కడ పోయింది.

పేలాక గుడ్డ ముక్క కొన్ని గజాల ముందు పడుతుంది. దాన్ని ఏరి చూడాలి. అంచులు కాస్త మాసి, మధ్య చెక్కుచెదరకుండా ఉంటే అంతా బాగున్నట్టు. నా గుడ్డలు చిల్లులు పడ్డాయి. మందుకూ గుడ్డకూ మధ్య ఒక అట్ట బిళ్ళ పెట్టాక చిల్లులు ఆగాయి. ప్రతి పేలుడు తర్వాతా గొట్టాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడవడం మొదలుపెట్టాక, అయిదో గుండు కూడా మొదటి గుండు లాగే పోయింది. దీనికంతటికీ నాకు ఒక వేసవి పట్టింది. ఇప్పుడు యాభై గజాల దగ్గర గుండ్లన్నీ భోజనం పళ్ళెంలో పడతాయి. అంతకు మించిన దూరం నా తుపాకీకి తగదని నోటుపుస్తకమే చెప్పింది.

ఇక అసలు సంగతి. ఆ పెద్దాయన మొదటి రోజే నా చేతికి చాకు ఇచ్చి, కడ్డీ మీద రెండు గుర్తులు పెట్టమన్నారు. ఖాళీ గొట్టంలో కడ్డీ ఎంతవరకు దిగుతుందో ఒకటి, మందూ గుండూ ఉన్నప్పుడు ఎంతవరకు దిగుతుందో ఒకటి. దట్టించే ముందు చూసుకోవాలి, దట్టించాకా చూసుకోవాలి. గుండు మందును ఆనకుండా మధ్యలో ఆగిపోయినా గొట్టం చెడుతుంది, పగలొచ్చు కూడా. చాకు పట్టుకున్న నా చెయ్యి వణికింది.

ఎందుకంటే, నర్సీపట్నం వైపు మా ఊళ్ళో మా పెదనాన్నకు పందుల బెడదకు లైసెన్సున్న నాటు తుపాకీ ఒకటుండేది. ఒకనాటి సాయంత్రం ఆయన మందు దట్టించి గోడకు తగిలించారు. ఆయన పొలం చుట్టి వచ్చేలోగా, సాయం చేద్దామని మా నాన్న ఇంకోసారి దట్టించారు. ఆ సంగతి చెప్పలేదు. చీకట్లో పెదనాన్న పేల్చేసరికి గొట్టం మొదట్లో పగిలింది. ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆయన తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. పగిలిన తుపాకీ స్టేషనులో ఇచ్చేసి కడ్డీ మాత్రం ఉంచుకుని, దాని మీద రెండు గాట్లు పెట్టారు. ఇంట్లో తుపాకీ లేకపోయినా మాకందరికీ చూపించేవారు. అది వేళాకోళం అనుకునేవాళ్ళం. మా నాన్న మాత్రం ఆ కడ్డీ ఉన్న గదిలో కూర్చునేవారు కాదు.

ఆ రాత్రి ఫోనులో నాన్నకు నా కొత్త సరదా గురించి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు: “కడ్డీకి గుర్తులు పెట్టావురా?”

“పెట్టాను నాన్నా, రెండూ పెట్టాను” అన్నాను. “అయితే సరే” అని ఫోను అమ్మకిచ్చేశారు.

గురి కుదరడమంటే నాకు అర్థమైంది ఇదే: లోపల ఏముందో ప్రతిసారీ తెలిసి ఉండటం. ఎంత పోశామో, ఏ గుడ్డ చుట్టామో, మనకంటే ముందు ఇంకెవరైనా చెయ్యి పెట్టారేమో. ఇంకొకరు చేసిన పని చెప్పకుండా ఉండిపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆసక్తి ఉన్నవారికి కొన్ని హెచ్చరికలు. మందు ఎప్పుడూ కొలపాత్రతోనే పోయండి. డబ్బాలోంచి నేరుగా పోస్తే లోపల మిగిలిన నిప్పురవ్వ డబ్బానే అంటించవచ్చు. పేలకపోతే ఒక నిమిషం పాటు గొట్టం గురివైపే ఉంచండి. కళ్ళకూ చెవులకూ రక్షణ తప్పనిసరి. ఇల్లినాయ్‌లో రాష్ట్ర పోలీసులిచ్చే ఫాయిడ్ కార్డు సంగతి ముందే కనుక్కోండి. వీసా మీద ఉన్నవారికి ఫెడరల్ నిబంధనలు వేరు. లాయరును అడగకుండా తుపాకీ ముట్టుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో తాళం వేసి ఉంచండి.

ప్రసంగం అయ్యాక ఆ కడ్డీ చూడాలనుకున్నవారు నా దగ్గరకు రండి. తుపాకీ ఇంట్లో తాళంలో ఉంది. కడ్డీ మాత్రం తెచ్చాను.