ప్రతి గడికీ ఒక పేరు



ఇందాక పట్టాలు అందుకోవడానికి మీలో ఒక్కొక్కరి పేరూ పిలిచారు. వినబడగానే లేచి వచ్చారు. పేరు పిలవకుండా "ఒక విద్యార్థి, ఇంకో విద్యార్థి" అంటూ పోతే ఎవరు లేచేవారు?

కొన్నేళ్ల కిందట నా పాత శిష్యుడొకడు ఉద్యోగానికి ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. అతనికి చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పైకి చదువుతుంటే ట్యాబ్ నొక్కుకుంటూ నాకంటే వేగంగా పోతాడు. ఆ ఫారంలో మాత్రం ఏ గడి దగ్గరికెళ్లినా ఒకటే మాట: "ఎడిట్, బ్లాంక్." చివరికి, "సార్, ఇది ఏ గడి?" అన్నాడు. అన్ని అర్హతలూ ఉన్నవాడు తన పుట్టినతేదీ ఎక్కడ రాయాలో నన్ను అడగాల్సి వచ్చింది.

తెర మీద "పుట్టినతేదీ" అన్న మాట గడి పక్కనే ఉంది. కానీ పక్కింట్లో ఉన్నంతమాత్రాన చుట్టాలైపోరు కదా! ఆ మాటను లేబుల్ ట్యాగ్‌లో పెట్టి, దాని 'ఫర్'లోనూ గడి 'ఐడీ'లోనూ ఒకే విలువ రాస్తే చుట్టరికం కుదురుతుంది. మీరు పుట్టకముందే, 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4లోనే ఈ ట్యాగ్ ఉంది. అయినా వెబ్ఎయిమ్ సంస్థ ఏటా పరీక్షించే పది లక్షల హోం పేజీల్లో ఇప్పటికీ దాదాపు సగంలో లేబుల్ లేని గళ్లు దొరుకుతున్నాయి.

మీరు ఫారాలు తయారుచేసేటప్పుడు గడిలోపల లేత రంగులో సూచన రాసి సరిపెట్టకండి. ఒక్క అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. తప్పక నింపాల్సిన గడి అని చూపే ఎర్ర రంగు చెవికి వినబడదు. "తప్పనిసరి" అని లేబుల్లోనే రాయండి. తెలుగు పేజీకి భాష తెలుగని కోడ్‌లో చెప్పండి. లేదంటే ఇంగ్లీషు గొంతు మన మాటలు పలకబోయి తడబడుతుంది.

చట్టమూ ఈ వైపే ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న, కేవైసీ ఇబ్బందులపై వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీరు విషయాన్ని కోర్టుదాకా రానివ్వకూడదు; ముందే స్క్రీన్ రీడర్‌తో మీరే విని చూసుకోవాలి. మైకేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా యువకుడు 2006లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టాడు. దానికి పైసా కట్టనక్కర్లేదు. ఇవాళే దించుకోండి.

మీరు చేసిన మొదటి ఫారం జనంలోకి వెళ్లే ముందు ఒక్కసారి మానిటర్ ఆపేయండి. ట్యాబ్ నొక్కుతూ, వింటూ, మీరే నింపండి. ఏ గడి దగ్గరైనా "ఇది ఏమిటి?" అని మీకే అనిపిస్తే పని ఇంకా మిగిలే ఉందన్నమాట.