“కాగితమే కదా” అన్నవాళ్లకు మన లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



మా సంఘం ఈ ఏడాది మొదలుపెట్టిన పని గురించి చెప్పమన్నారు. మేము అట్టతో, కాగితంతో రైలుపెట్టెలు చేస్తున్నాం. ఇవి పిల్లలు ఈడ్చుకు తిరిగే బొమ్మలు కావు. అసలు పెట్టెను కొలత ప్రకారం తగ్గించి చేసే నమూనాలు. రైళ్లంటే ఇష్టమున్నవాళ్లు, రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు కొనుక్కుంటారు.

మనం ఎక్కి తిరిగిన నీలం పెట్టెలు చెన్నై పెరంబూరులోని ఐసీఎఫ్ ఫ్యాక్టరీ రకం. ఆ ఫ్యాక్టరీ 1955లో మొదలైంది. 2018లో ఆ పాత రకం ఆపేసి, పూర్తిగా ఎల్‌హెచ్‌బీ రకానికి మారింది. పాతవి తగ్గిపోతున్నాయి కాబట్టి గుర్తుగా దాచుకుందామనే వాళ్లున్నారు.

ఇందులో ముందు కావాల్సింది కొలత. అసలు పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, వెడల్పు 3.25 మీటర్లు. నమూనా రైళ్లకు ఎక్కువగా వాడేది 87వ వంతు కొలత, దాన్ని హెచ్‌ఓ అంటారు. 87తో భాగిస్తే పొడవు 24.5 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 సెంటీమీటర్లు. అంటే పక్కగోడ మొత్తం ఒక ఏ4 కాగితం మీద అతుకు లేకుండా వస్తుంది.

పక్కలకు విజిటింగ్ కార్డు మందం కాగితం చాలు. కిటికీలు ముందే కోసుకోవాలి, మడిచాక కోస్తే గోడ నలుగుతుంది. స్టీలు స్కేలు ఆనించి, పదునైన కట్టరుతో రెండు మూడుసార్లు తేలిగ్గా గీయాలి, ఒక్కసారే నొక్కకూడదు. మడతపెట్టే చోట ఇంకు అయిపోయిన పెన్నుతో గీత నొక్కితే మడత తిన్నగా వస్తుంది. అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు లోపలినుంచి అతికించాలి. లోపల నాలుగైదు అడ్డగోడలు మందం అట్టతో పెట్టకపోతే నెల తిరిగేసరికి పక్కలు లోపలికి వంగుతాయి. కాగితం ఏ వైపు సులువుగా వంగుతుందో చూసుకుని పైకప్పుకి కోయాలి, అప్పుడే గుండ్రంగా వస్తుంది. ఫెవికాల్ పలచగా రాయాలి, ఎక్కువైతే తడికి కాగితం ఉబ్బుతుంది. షోకేసులో పెట్టుకునేదా, పట్టాల మీద నడిపేదా అని ముందే అడగాలి. నడిపేదైతే చక్రాలు కొని బిగించాలి, దాని ఖర్చు వేరు.

ఇక అసలు విషయం. ఒక షాపాయన వచ్చి 50 పెట్టెలు అడిగాడు, ఒక్కోటి 150 రూపాయలకి. “కాగితమే కదమ్మా, ఖర్చేముంది?” అన్నాడు. మాలో ఇద్దరికి అప్పు కిస్తు దగ్గరపడింది, ఒప్పేసుకుందామన్నారు. అందరం కూర్చుని పుస్తకం తీశాం. సామాను 40. పని 5 గంటలు, గంటకు 60 చొప్పున 300. పాడైన ముక్కలకు 20. మొత్తం 360. సంఘానికి పదోవంతు కలిపితే 396. అంటే 150కి ఇస్తే సామాను, పాడైనవి పోను 5 గంటల పనికి మిగిలేది 90 రూపాయలు. సంఘానికి పైసా లేదు.

కొండపల్లి బొమ్మను కర్ర బరువు చూసి కొంటామా? చేతిపని చూసి కొంటాం. ఇదీ అంతే. ఆయనకి కాదని చెప్పి పంపేయలేదు. కిటికీలు కోయకుండా, ముద్రించిన పక్కలు మడిచి అతికించే పెట్టె చూపించాం. గంటన్నర పని. సామాను 25, కూలి 90, పాడైనవాటికి 20, పదోవంతు కలిపితే దాదాపు 150. వాటిని 20 తీసుకున్నాడు. కిస్తులు కట్టాం, పూర్తి పెట్టె ధర తగ్గలేదు.

అక్కా, మన ఇంటి పనికి ఎవరూ లెక్క రాయరు. అలవాటుపడి బయటి పనికీ మనమే రాయడం లేదు. ఆవకాయైనా, అగరొత్తులైనా, కుట్టుపనైనా గంటలు రాయండి. ధర చెప్పేముందు ఆ పేజీ చూడండి. ఆర్డరు పుస్తకంలో “పని గంటలు” అనే గడి ఒకటి పెట్టాలని ఈ సభ తీర్మానం చేయాలని కోరుతున్నాను. ఒక సంఘం కూలి మానుకుని అమ్మితే పక్క సంఘం ధర కూడా పడిపోతుంది.

నేర్చుకోవాలనుకునే వాళ్లు స్కేలు, కట్టరు తెచ్చుకుని మా సంఘం మీటింగు రోజున రండి. నేర్పుతాం.