కొలువు తెచ్చే రోగానికి గోలీలు చాలవు

(ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం ఒంటిగంటకు మన ఆఫీసుల్లో టిఫిన్ డబ్బాలు తెరిచే చోట ఒక్కసారి కూర్చొని చూడండి. కూర డబ్బా పక్కనే గోలీల డబ్బా కనబడుతుంది. బువ్వకు ముందు షుగరు గోలీ, బువ్వ తిన్నాక బీపీ గోలీ, పొద్దున పరిగడుపున గ్యాస్ గోలీ. నలభై ఏండ్లు నిండకముందే మనం "నీకు ఎంతుంది?" అని ఒకరినొకరు అడుగుకుంటున్నాం. అడిగేది జీతం గురించి కాదు, షుగరు గురించి.

దవాఖానకు పోతే డాక్టరు ఏమడుగుతాడు? అన్నం ఎంత తింటారు, సిగరెట్ తాగుతారా, పొద్దున నడుస్తారా? ఇవన్నీ అడగాల్సినవే. కానీ నీ కొలువు ఎట్లా నడుస్తోంది అని అడిగే డాక్టరు ఎంతమందికి దొరికాడు? బెర్నార్డినో రామజ్జిని అనే ఇటలీ వైద్యుడు 1700లో పనివాళ్లకు వచ్చే రోగాల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. రోగిని చూసినప్పుడు "నువ్వు చేసే పని ఏమిటి?" అని తప్పక అడగాలని తోటి వైద్యులకు చెప్పాడు. మూడు వందల ఏండ్లు దాటిన ఆ ప్రశ్నను ఇవాళ మనం మళ్లీ వేసుకోవాలి.

బస్సులో తేలిన సంగతి

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు బస్సు కార్మికుల మీద చేసిన పరిశోధన 1953లో అచ్చయింది. ఒకప్పుడు హైదరాబాద్‌లో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులు మనలో పెద్దవాళ్లకు యాదికి ఉంటాయి కదా, అట్లాంటివే అక్కడివీ. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ రోజంతా మెట్లెక్కి దిగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే డిపో. కానీ గుండెజబ్బు కండక్టర్లకంటే డ్రైవర్లకే ఎక్కువగా వచ్చింది. నడక మంచిదని ఇవాళ అందరూ చెప్పే మాటకు గట్టి ఆధారం దొరికిన తొలి పరిశోధనల్లో అదొకటి.

మరి నడిస్తే సరిపోతుందా? సరిపోదని చెప్పింది కూడా లండనే. ఈసారి బస్సుల్లో కాదు, సర్కారు ఆఫీసుల్లో.

పెద్ద సారుకా, అటెండరుకా?

వైట్‌హాల్ అంటే లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాలుండే వీధి. మనం సెక్రటేరియట్ అన్నట్టు, వాళ్లు వైట్‌హాల్ అంటారు. 1967 నుంచి అక్కడి సుమారు 18 వేల మంది మగ ఉద్యోగుల ఆరోగ్యాన్ని పరీక్షించి, తర్వాత ఏండ్ల తరబడి ఎవరికి ఏమైందో లెక్క రాశారు. ఆ లెక్కలను విప్పి చెప్పినవాళ్లలో ముఖ్యుడు మైకేల్ మార్మట్.

మన ఆఫీసుల్లో ఒక మాట ఉంది కదా, "పెద్ద సారుకు టెన్షన్ ఎక్కువ, గుండెపోటు ఆయనకే వస్తుంది" అని. అప్పుడు అక్కడా అట్లాగే అనుకునేవాళ్లు. లెక్క తీస్తే తిరగబడింది. అందరికంటే కింది హోదాలో ఉన్నవాళ్లలో మరణాల రేటు, అందరికంటే పై హోదాలోని వాళ్లకంటే మూడింతలుంది. కింది వాళ్లు సిగరెట్లు ఎక్కువ తాగుతారేమో, బీపీ ఎక్కువేమో అని ఆ లెక్కలన్నీ తీసేసి చూసినా, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ప్రమాదం కింది హోదా వాళ్లకు రెండింతలకు పైనే మిగిలింది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. వీళ్లెవరూ ఆకలితో ఉన్నవాళ్లు కాదు. నెలనెలా జీతం వచ్చేవాళ్లు, గనుల్లో, కొలిమి దగ్గర కాకుండా ఆఫీసు కప్పు కింద పనిచేసేవాళ్లు. 1948 నుంచి ఆ దేశంలో అందరికీ సర్కారు వైద్యం ఉంది. పైగా తేడా అట్టడుగున మాత్రమే లేదు. నిచ్చెన మీద ఒక్కో మెట్టు దిగినకొద్దీ ఆరోగ్యం ఒక్కో మెట్టు దిగింది. మరి ఆఫీసు గోడల మధ్య మనిషిని తినేస్తున్నది ఏమిటి?

ఎవరి చేతిలో ఉంది?

దీని సంగతి తేల్చడానికి 1985లో రెండో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. ఈసారి ఆడవాళ్లను కూడా చేర్చారు. మొత్తం 10,308 మంది. వాళ్లను అడిగిన ప్రశ్నలు చూస్తే మన ఆఫీసులో కూర్చొని రాసినట్టే ఉంటాయి. నీ పని ఎట్లా చేయాలో నువ్వు నిర్ణయించుకోగలవా? నువ్వు చెప్పే మాట ఎవరైనా వింటారా? పని మధ్యలో కాసేపు ఆగడం నీ చేతిలో ఉందా?

1997లో ఫలితాలు వచ్చాయి. పై హోదాకు, కింది హోదాకు గుండెజబ్బులో ఉన్న తేడాకు, వాళ్లు పరిశీలించిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది ఒక్కటే అని తేలింది: తన పని మీద తనకు పట్టు లేకపోవడం. అంతకుముందే 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికా పరిశోధకుడు ఇదే దారి చూపించాడు. పని ఒత్తిడి ఒక్కటే మనిషిని కూల్చదు. ఒత్తిడి ఎక్కువై, నిర్ణయం చేతిలో లేకపోతే అది కూలుస్తుంది అన్నాడు.

మన బస్సు డ్రైవరన్ననే చూడండి. టైముకు బస్సు చేరాలి, అది ఆయన బాధ్యత. కానీ రోడ్డు, ట్రాఫిక్, బస్సు కండిషన్, ఎక్కే జనం ఏదీ ఆయన చేతిలో లేదు. ఆలస్యమైతే మెమో మాత్రం ఆయన పేరు మీదే వస్తుంది. కౌంటర్‌లో కూర్చున్న అక్కను చూడండి. సర్వర్ డౌన్ అయితే తిట్లు ఆమెకు. సర్వర్ ఎవరి చేతిలో ఉందో ఆమెకే తెలియదు.

ఒంట్లోకి ఇది ఎట్లా దిగుతుంది అంటారా? భయపడినప్పుడు, కోపం వచ్చినప్పుడు ఒంట్లో కొన్ని హార్మోన్లు ఎగుస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. ఆపద పోగానే అన్నీ దిగిరావాలి. రోజూ అదే బతుకైతే దిగివచ్చేది ఎప్పుడు? ఇదే అధ్యయనంలో 14 ఏండ్ల సమాచారంతో 2006లో మరో నిజం బయటపడింది. పదేపదే పని ఒత్తిడికి గురైనవాళ్లకు నడుం చుట్టూ కొవ్వు, బీపీ, రక్తంలో చక్కెర కలగలిసి పెరిగే స్థితి, ఒత్తిడి లేనివాళ్లకంటే రెండింతలకు పైగా కనిపించింది. మన టిఫిన్ డబ్బా పక్కన గోలీలు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు కొంత తెలుస్తోంది కదా!

ఆడవాళ్ల కష్టం దీనికి రెట్టింపు. స్వీడన్‌లో మరియాన్ ఫ్రాంకెన్‌హ్యూజర్ బృందం ఆఫీసు ఉద్యోగుల ఒత్తిడి హార్మోన్లను పగలూ సాయంత్రమూ కొలిచి 1989లో ఫలితాలు ప్రకటించింది. ఇంటికి పోయాక మగ మేనేజర్లకు అవి దిగాయి. మహిళా మేనేజర్లకు దిగలేదు. ఎందుకు దిగలేదో ఇక్కడున్న ఏ అక్కను అడిగినా చెప్తుంది. ఆఫీసు డ్యూటీ దిగగానే పొయ్యి దగ్గర డ్యూటీ ఎక్కాలి. ఆఫీసులో సరైన మరుగుదొడ్డి లేక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లే తాగకుండా గడిపే అక్కలు మనలో ఎంతమంది!

రేపు ఉంటుందో లేదో!

వైట్‌హాల్ ఉద్యోగుల్లో ఒక శాఖను ప్రైవేటుపరం చేయబోతున్నారని అప్పట్లో తేలింది. పరిశోధకులు ఆ శాఖ వాళ్ల ఆరోగ్యాన్ని మిగతా వాళ్లతో పోల్చి 1995లో ఫలితాలు ప్రకటించారు. కొలువు పోకముందే, పోతుందేమో అన్న బెంగతోనే వాళ్ల ఆరోగ్యం దెబ్బతింది.

పర్మనెంట్ ఉద్యోగుల సంగతే అట్లా ఉంటే, మన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ తమ్ముళ్ల సంగతేంది? ఏటేటా రెన్యువల్ కాగితం కోసం ఎదురుచూపు. జీతం ఏ తారీఖున పడుతుందో తెలియదు. మేం పర్మనెంట్ వాళ్లం ఒక మాట ఒప్పుకోవాలి. మా బీపీ గురించి మాట్లాడినంత, మా పక్క కుర్చీలో సగం జీతానికి పనిచేసే తమ్ముడి బెంగ గురించి మేం మాట్లాడలేదు.

యోగా క్లాసు పెడితే సరిపోతుందా?

ఈ మధ్య కంపెనీలు, ఆఫీసులు ఉద్యోగుల సంక్షేమం అంటే ఒక యోగా క్లాసు, ఒక హెల్త్ క్యాంపు, ఫోన్‌లో ఒక యాప్ అంటున్నాయి. యోగాకు మేం వ్యతిరేకం కాదు. కానీ పరిశోధన ఏం చెప్తోంది? అమెరికాలో ఒక పెద్ద వ్యాపార సంస్థకు చెందిన 160 దుకాణాల్లో, దాదాపు 33 వేల మంది ఉద్యోగుల మధ్య ఇట్లాంటి కార్యక్రమాన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే బీపీలో గానీ, బరువులో గానీ, వైద్యం ఖర్చులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాచారం మీద 2024లో అచ్చయిన విలియం ఫ్లెమింగ్ పరిశోధన కూడా, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు, యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరని చెప్పింది.

కారణం కష్టమైనది కాదు. ఇద్దరి పని ఒక్కడి నెత్తిన పెట్టి, ఖాళీ పోస్టులు నింపకుండా, కళ్లు మూసుకొని శ్వాస తీసుకో అంటే ఒత్తిడి ఎక్కడికి పోతుంది?

పని గంటల లెక్క కూడా వినండి. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. దీర్ఘ పనిగంటల వల్ల 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది చనిపోయారన్నాయి. ఇది తెలిసిన తర్వాత కూడా 2023లో మన దేశంలోని ఒక పెద్ద ఐటీ వ్యాపారవేత్త యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నాడు. ఐటీ కొలువులకు తయారవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకోండి.

మరి ఏం చేద్దాం?

కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు రోజంతా కూర్చునే వీలుండేది కాదు. వాళ్లు కాళ్లనొప్పుల గోలీలు మింగి ఊరుకోలేదు. కూర్చునే హక్కు కావాలని ఏండ్ల తరబడి కొట్లాడారు. 2018లో అక్కడ చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. ఒక కుర్చీ కోసం కొట్లాట ఏమిటని నవ్వినవాళ్లుంటారు. కానీ కాళ్లు నొచ్చినప్పుడు కూర్చోవడం తన చేతిలో ఉండటం అంటే ఇందాక మనం చెప్పుకున్న పట్టు అదే.

కాబట్టి మేం మూడు పనులు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, మన లెక్క మనం తీద్దాం. లండన్ ఉద్యోగులను అడిగిన ప్రశ్నలను మన మాటల్లో ఒక కాగితం మీద రాసి ప్రతి ఆఫీసులో, డిపోలో, బడిలో పంచుదాం. అటెండర్ నుంచి సూపరింటెండెంట్ దాకా, పర్మనెంట్ నుంచి ఔట్‌సోర్సింగ్ దాకా అందరూ నింపాలి. పేరు రాయొద్దు. ఎవరి రోగం ఏమిటో పై అధికారి చేతికి పోయిందంటే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

రెండోది, పీఆర్సీ, డీఏ డిమాండ్ల పక్కనే ఆరోగ్యం డిమాండ్ రాద్దాం. ఖాళీల భర్తీ, డ్యూటీ చార్టు వేసేటప్పుడు ఉద్యోగి మాట, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, వారానికి ఒకరోజు నిజమైన సెలవు. ఇవి దయతో ఇచ్చే సౌకర్యాలు కావు, బీపీకి మందులు.

మూడోది మన చేతుల్లోనే ఉంది. మనలో చాలామంది ఎవరో ఒకరికి పై అధికారులమే. 2005లో వైట్‌హాల్ పరిశోధకులు చెప్పిన మాట యాదికి పెట్టుకోండి: పై అధికారి తనతో న్యాయంగా ఉంటాడని భావించిన మగ ఉద్యోగుల్లో గుండెజబ్బు తక్కువగా వచ్చింది. రేపు పొద్దున అటెండర్ తమ్ముణ్ని "ఏయ్" అని పిలిచే ముందు ఒక్క క్షణం ఆగండి.

గోలీలు మానేయమని మేం చెప్పడం లేదు. డాక్టరు రాసినవి వేళకు వేసుకోండి, పొద్దున నడవండి. కానీ బీపీ వచ్చింది నా తప్పే అని తల దించుకోకండి. కాగితాలు బయట బల్ల మీద ఉన్నాయి. పోయేటప్పుడు మీ ఆఫీసుకు సరిపడా తీసుకుపోండి. వచ్చే నెల నింపిన కాగితాలతో ఇక్కడే కలుద్దాం.

సెలవు.